రాత్రి కేకలకు సాయంత్రం వైద్యం

పలాస వైపు కొత్తగా వచ్చే పిల్లల డాక్టర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. క్లినిక్‌కి అద్దె ఎంతుంటుంది, స్కానింగుకి ఎక్కడికి పంపాలి, కరెంటు పోతే ఏం చేయాలి అని అడుగుతారు. అద్దె సంగతి ఇంటివాళ్లు చెబుతారు. కరెంటు సంగతి ఎవరూ చెప్పలేరు. వాళ్లు అడగకుండా వెళ్లిపోయే విషయం ఒకటుంది. అది ఇక్కడ రాస్తున్నాను.

పిల్లాడికి జ్వరమొస్తే తల్లి ఒక్కతే తీసుకొస్తుంది. "నిద్దట్లో జడుసుకుంటన్నాడు" అనే కేసుకి మాత్రం ఆటో నిండా వస్తారు. తల్లీ తండ్రీ, నానమ్మా, పక్కింటావిడా, ఎందుకైనా మంచిదని ఆటో డ్రైవరూ లోపలికి వస్తారు. అందరి కళ్లూ ఎర్రగా ఉంటాయి. అందరూ ఒకేసారి మాట్లాడతారు. రోగి నా బల్ల మీద కూర్చుని స్టెతస్కోపుతో ఆడుకుంటూ ఉంటాడు. ఆ గదిలో రాత్రి హాయిగా నిద్రపోయిన మనిషి వాడొక్కడే.

అది ఏమిటి, ఏది కాదు

పుస్తకాల్లో దీన్ని నైట్ టెర్రర్స్ అంటారు. పేరు వింటేనే పెద్దవాళ్లకు భయమేస్తుంది, పిల్లలకు ఆ పేరుతో పని లేదు. నిద్రపోయిన గంటకో రెండు గంటలకో, బాగా గాఢంగా ఉన్న నిద్రలోంచి పిల్లాడు సగమే లేస్తాడు. ఒళ్లు లేస్తుంది, మెదడు లేవదు. కళ్లు తెరిచే ఉంటాయి కానీ ఎవరినీ గుర్తుపట్టడు. చెమటలు పడతాయి, గుండె దడదడలాడుతుంది, గావుకేకలు పెడతాడు. ఎత్తుకోబోతే అమ్మనే తంతాడు. కాసేపటికి మీట నొక్కినట్టు ఆగిపోయి మళ్లీ పడుకుంటాడు. పొద్దున అడిగితే ఏమీ తెలియదంటాడు. అది అబద్ధం కాదు, నిజంగానే తెలియదు.

పీడకల వేరు. అది తెల్లవారుజాము వైపు వస్తుంది. పిల్లాడు పూర్తిగా మేలుకుంటాడు, కుక్క తరిమిందనో అమ్మ కనపడలేదనో చెబుతాడు, మళ్లీ పడుకోవడానికి భయపడతాడు. నేను తల్లులకు చెప్పే గుర్తు ఒకటే. అమ్మను కరుచుకుంటే కల. అమ్మను తోసేస్తే ఇది.

కొన్ని కుటుంబాల్లో ఇది వస్తూ ఉంటుంది. "మీ ఇంట్లో ఎవరైనా చిన్నప్పుడు నిద్రలో నడిచేవారా?" అని అడగండి. నానమ్మ నెమ్మదిగా, "ఈడి బాబు నడిసీవోడమ్మా. ఓపాలి గొడ్ల సాలలో దొరికినాడు" అంటుంది. బాబంటే మా వైపు నాన్న. అప్పుడు కోడలు మొగుడి వైపు చూసే చూపు చాలా బాగుంటుంది. పెళ్లికి ముందు ఈ ముక్క ఎవరూ చెప్పలేదన్నమాట.

చాలామందికి పెద్దవుతుంటే దానంతట అదే పోతుంది. కాబట్టి వైద్యం తేలికే అనుకుంటారు. తేలిక కాదు. "మీరేమీ చేయకండి" అనే మందుచీటీ రాయడం తేలికే, దాన్ని ఆ ఇంట్లోవాళ్ల చేత మింగించడం చాలా కష్టం.

పెద్ద డాక్టరు గారి సిరప్

నేను మొదట పనిచేసిన టెక్కలి వైపు ఆసుపత్రిలో మాకు పైన ఒక పెద్ద డాక్టరు గారు ఉండేవారు. మనిషి మంచివారు, ఓపిక తక్కువ. ఉన్న ఓపిక అంతా పిల్లల మీద ఖర్చుపెట్టి, పెద్దల దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేసేవారు. భావనపాడు నుంచి ఒక తండ్రి కూతురిని తీసుకొచ్చాడు. సముద్రం మీదికి వెళ్లే మనిషి. పాపకి నాలుగేళ్లుంటాయి. రోజూ పడుకున్న కాసేపటికి కేకలు.

"మొకం మీద నీల్లు కొట్టినాము సార్. సెంప మీద కొట్టినాము. పల్లెం వాయించినాము. ఎంత సేత్తే అంత రెచ్చిపోతంది" అన్నాడు.

"ఏమీ చేయకుండా ఉండి చూశారా?" అని నేను అడిగాను.

"ఏటీ సెయ్యకుండా ఎలగుంటామమ్మా? సూసినోలు ఏటనుకుంటారు?"

ఇది చాలా నిజాయితీ గల జవాబు. ఈ కేసుల్లో చేసే హడావుడిలో సగం పిల్ల కోసం, సగం చూసినవాళ్ల కోసం.

బయట జనం ఎక్కువగా ఉండడంతో పెద్ద డాక్టరు గారు నిద్ర పట్టడానికి ఒక సిరప్ రాసి పంపేశారు. తండ్రి మళ్లీ వచ్చేసరికి కోపంతో ఊగిపోతున్నాడు. జరిగిందేమిటంటే, చిన్నపిల్లకి తెలియని మందు ఎలా పోస్తామని తండ్రి ముందు తను రుచి చూశాడు. తియ్యగా ఉండడంతో మరికాస్త చూశాడు. పాప యథాప్రకారం కేకలు పెట్టింది, వాడంతా లేచింది, అతనొక్కడే లేవలేదు. పడవ అతన్ని వదిలేసి వెళ్లిపోయింది. పైగా ఆ రోజే వల నిండా చేపలు పడ్డాయట.

పెద్ద డాక్టరు గారు నవ్వలేదు. సీసా వెనక్కి తీసుకున్నారు. కుర్చీ దగ్గరకి జరుపుకుని, మొదటిసారి అడగవలసినది అప్పుడు అడిగారు. "రాత్రి సంగతి వద్దు. సాయంత్రం నుంచి చెప్పు. పాప ఎప్పుడు తింటుంది, ఎప్పుడు పడుకుంటుంది?" విడమరిచి అడిగితే తేలిందేమిటంటే, పాప అదివరకు మధ్యాహ్నం పడుకునేది. కొత్తగా బడిలో వేశాక అది పోయింది. సాయంత్రానికి ఒళ్లు హూనమై, నాన్న వచ్చేదాకా మేలుకుని ఉండి, ఎప్పటికో పడుకుంటోంది. నిద్ర చాలని పిల్లలు పడుకోగానే రాయిలా పడిపోతారు. అంత గాఢనిద్రలోంచే ఈ సగం మెలకువలు వస్తాయి.

పాపను పెందలాడే పడుకోబెట్టమన్నారు. కేకలు మొదలైతే లేపొద్దు, కొట్టొద్దు, దెబ్బ తగిలే వస్తువులు పక్కకి తీసి ఊరికే దగ్గర కూర్చోమన్నారు. తండ్రికి ఒక పని అప్పగించారు. "నువ్వు గుమ్మంలో కూర్చో. ఊరిని లోపలికి రానీకు. అదే నీ డ్యూటీ." మగవాళ్లకు ఊరికే ఉండమంటే చేతకాదు, కాపలా ఉండమంటే ఉంటారు. కొన్ని వారాల్లో పాప కుదురుకుంది.

అతను వెళ్లాక నాతో అన్నారు. "రాత్రి సంగతి ఊరంతా చెబుతుందమ్మా. నువ్వు సాయంత్రం సంగతి అడుగు." నా ఉద్యోగంలో పై అధికారి దగ్గర నేర్చుకున్న పనికొచ్చే వాక్యం ఇదొక్కటే. మిగతా పై అధికారులు సెలవు చీటీ ఎలా రాయాలో నేర్పారు.

అన్నీ ఇవే అనుకోకండి

ఇక్కడ ఒక హెచ్చరిక. అరిచిన పిల్లాడినల్లా ఊరికే వదిలేయమని చెబితే ఎప్పుడో ఒకప్పుడు దెబ్బ తింటారు. ఒకే రాత్రి మళ్లీ మళ్లీ వస్తున్నా, ప్రతిసారీ అచ్చం ఒకేలా ఉన్నా, ఒక చెయ్యో కాలో కొట్టుకుంటున్నా, ఒళ్లు బిగుసుకుంటున్నా, నిద్ర మొదలైన వేళకి సంబంధం లేకుండా వస్తున్నా, అది మూర్ఛ కాదని తేల్చుకోవాలి. అలాంటివాళ్లను నేను శ్రీకాకుళమో విశాఖో పంపించేదాన్ని.

ఈ రోజుల్లో ఫోనులున్నాయి, వీడియో తీసుకురమ్మని చెప్పండి. టెక్కలి నుంచి ఒక ఆఫీసు గుమాస్తా గారు చాలా శ్రద్ధగా తీసుకొచ్చారు. వీడియోలో మొదటి సగం ఆయన చెప్పులు. రెండో సగంలో "లైటెయ్యే, లైటెయ్యి, పడతన్నాదా?" అని ఆయన భార్య మీద అరుస్తున్నారు. పిల్లాడు కనిపించింది చివర్లో కాసేపు, అదీ పడుకుని ఉండగా. కానీ ఆ కాసేపట్లోనే గురక వినిపించింది. ఆరేళ్ల పిల్లాడిది, గేదె గురక. నోరు తెరిపించి చూస్తే టాన్సిల్స్ రెండూ ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నాయి. గాలి ఆడక నిద్ర చెదిరి కేకలు పెడుతున్నాడు. ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి పంపాను. ఆపరేషన్ అయ్యాక గురకా పోయింది, కేకలూ పోయాయి. గుమాస్తా గారు ఆ వీడియోను ఇప్పటికీ దాచుకున్నారని విన్నాను.

ఢిల్లేసు

ఇక అసలు కేసుకి వస్తాను. నేను క్లినిక్ మూసేయడానికి కొద్ది కాలం ముందు పలాసలో చూసిన కేసు ఇది.

ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల మధ్య ఉన్న ఊరి నుంచి వచ్చారు. పిల్లాడి పేరు ఢిల్లేశ్వరరావు, రెండో తరగతి. మా జిల్లాలో ఈ పేరున్నవాళ్లు ఢిల్లీలో ఉన్నవాళ్లకన్నా ఎక్కువమంది ఉంటారని నా అనుమానం. తల్లి ధనలక్ష్మి జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. జీడి రసానికి నల్లబడిన ఆమె వేళ్లు చూస్తే ఎవరూ చెప్పక్కర్లేదు. ఆమె భర్త రెండేళ్ల కింద కిడ్నీ జబ్బుతో పోయాడు. అంతకు ముందు మామగారూ దానితోనే పోయారు. మా ఉద్దానంలో ఈ వాక్యం రాయడానికి కలం ఆగదు, అంత మామూలైపోయింది. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కూడా వచ్చినవాళ్లు ఇద్దరు. ఒకరు దాలమ్మ, పిల్లాడి నానమ్మ. రెండోవాడు రమణ, ధనలక్ష్మి అన్న, కోటబొమ్మాళి నుంచి వచ్చాడు. మాట్లాడింది అతనే.

"సూడండి డాటరమ్మా. మా ఇంటికాడ పది రోజులుంటే పది రోజులూ నిక్షేపంగా తొంగుంటన్నాడు. ఈల్లింటికెల్తే ఆ రోజే కేకలు. ఆ ఇంట్లో ఏటో ఉంది. నాకు తెలుసు, మా బావ పోయినకాణ్నుంచి ఆ ఇల్లు మంచిది కాదు. సెల్లినీ గుంటడినీ నాను తీసికెలిపోతాను. మీరో మాట సెప్తే అయిపోద్ది."

అంటే నా నుంచి వాళ్లకు కావలసింది వైద్యం కాదు, తీర్పు. దాలమ్మ తల దించుకుని కూర్చుంది. పిల్లాడు రాత్రి ఆమె పక్కలోనే పడుకుంటాడట. ఇల్లు మంచిది కాదంటే ఎవరు మంచిది కాదని అర్థమో ఆ గదిలో అందరికీ తెలుసు. ధనలక్ష్మి అన్న వైపూ చూడడం లేదు, అత్త వైపూ చూడడం లేదు.

పిల్లాడిని చూశాను. మూర్ఛ లక్షణాలు లేవు, గురక లేదు, టాన్సిల్స్ బుద్ధిగా వాటి చోట అవి ఉన్నాయి. కేకలు అచ్చం నైట్ టెర్రర్సే. కానీ రమణ చెప్పింది కొట్టిపారేయలేను. ఒక ఇంట్లో వచ్చి ఇంకో ఇంట్లో రాకపోతే దానికి ఏదో ఒక తేడా ఉండాలి. పెద్ద డాక్టరు గారు గుర్తొచ్చారు.

"బడి వదిలాక ఏం చేస్తాడు?" అని అడిగాను.

ఆడతాడు. అన్నం తింటాడు. ధనలక్ష్మి చెబుతోంది. కాసేపు పుస్తకం తీస్తాడు. పడుకుంటాడు.

"నీల్లు తాగీ తొంగుంటాడు" అంది దాలమ్మ.

"ఎన్ని నీళ్లు?"

"సెంబుడు." రెండు చేతులతో సైజు చూపించింది. ఆ చెంబుతో నేను స్నానం చేయగలను.

"అంత ఎందుకమ్మా?"

దాలమ్మ నన్ను వింతగా చూసింది. ఉద్దానంలో డాక్టరై ఉండి ఇది అడుగుతోందేమిటని కాబోలు. "ఆల్ల తాత నీల్లు తాగక పోనాడు. నా కొడుకు నీల్లు తాగక పోనాడు. ఎండలో పడి తోట పన్జేసి, ఓ గుక్కెడు తాగి ఊరుకునీవోరు. నీల్లు బాగా తాగాలని క్యాంపుకొచ్చిన డాటర్లు కూడా సెప్పినారు. అందుకే ఈడికి నాను దగ్గరుండి తాగిత్తన్నాను. బోరు నీల్లు కాదమ్మా, కొన్న కేను నీల్లు."

"పగలు తాగించకూడదా?"

"పగలు నాకు సిక్కితే కదమ్మా! ఇస్కూలు, ఆటలు. తొంగునేటప్పుడే సిక్కుతాడు. అప్పుడు పట్టుకోని తాగించెత్తాను."

"రాత్రి ఒంటేలుకి లేస్తాడా?"

"నెగడు. పక్క కూడా తడపడు. మంచి గుంటడు, పొద్దుట దాకా ఆపుకుంటాడు" అంది గర్వంగా.

మరి కోటబొమ్మాళిలో? రమణ సమాధానం చెప్పాడు. అక్కడ కొత్త పరుపు కొన్నారు. అది తడుస్తుందని, దాని మీద పడుకునే పిల్లలెవరికీ అన్నం తిన్నాక చుక్క నీళ్లు ఇవ్వరు.

నీళ్లొక్కటే కారణమని నేను ప్రమాణం చేయలేను. ఈ గుణం పిల్లాడిలో ముందే ఉండాలి. కానీ గాఢనిద్రలో ఉన్న పిల్లాడిని నిండిన మూత్రాశయం లోపల్నుంచి లాగుతుంటే, నిద్ర వదలక, మెలకువ రాక సగంలో చిక్కుకుని కేకలు పెట్టడం మాకు తెలిసిన సంగతే. ఇంటిలో ఏదో ఉందన్న రమణ మాట ఒక రకంగా నిజమే. ఆ ఏదో దాలమ్మ చేతిలో చెంబు.

చెప్పడం ఎలా? చెప్పకపోతే పిల్లాడి కేకలు ఆగవు. చెబితే రమణ చేతికి నేనే కత్తి ఇచ్చినట్టు. కొడుకును పోగొట్టుకున్న మనిషి, మనవడిని కాపాడుకోవడానికి తనకు తెలిసిన ఒకే ఒక్క పని చేస్తోంది. ఆ పనే తప్పని, ఆమెను పంపించేయాలని చూస్తున్నవాడి ముందు చెప్పాలి. కుర్చీ దాలమ్మ దగ్గరకి జరుపుకున్నాను.

"దాలమ్మా, నీళ్లు మంచివే. వేళ మార్చాలి" అన్నాను. "బడికి సీసా కట్టు. బడి నుంచి రాగానే ఇవ్వు. దీపాలు పెట్టాక తగ్గించు. పడుకునే ముందు ఒంటేలుకి పంపు. కేకలు ఎప్పుడొస్తాయి?"

"టీవీ సీరియల్ అయిపోయి, గిన్నెలు కడుక్కునే యేళకి" అంది దాలమ్మ.

"దానికి పావుగంటో అరగంటో ముందు ఒకసారి మెల్లగా లేపి, పెరట్లోకి తీసుకెళ్లి తెచ్చి పడుకోబెట్టాలి. కొన్ని వారాలు, ఒక్కరోజూ మానకుండా." కేక మొదలయ్యాక లేపకూడదు, కేకకు ముందు లేపవచ్చు. ఈ తేడాను తల్లిదండ్రులకు రెండుసార్లు చెప్పండి. నేను మూడుసార్లు చెప్పాను. "ఎవరు లేపుతారు?"

ధనలక్ష్మి పని నుంచి వచ్చి తలకాయ వాల్చేస్తుంది. దాలమ్మ అంది: "నానే లేపుతానమ్మా. నాకు నిద్దరెక్కడిది? నా కొడుకు పోయినకాణ్నుంచి కన్ను మూత పడదు." తర్వాత అడిగింది. "అంటే నా నీల్లేనమ్మా?"

"అదీ ఒక కారణమే" అన్నాను. ఆ ప్రశ్నకు అబద్ధం చెప్పే హక్కు నాకు లేదు.

"నాను సెప్పలేదేటి!" అన్నాడు రమణ చెల్లెలితో.

దాలమ్మ అతని వైపు చూడలేదు. పాలిథిన్ సంచిలోంచి పిల్లాడి కిడ్నీ పరీక్ష రిపోర్టు తీసి నా ముందు పెట్టింది. మా వైపు నానమ్మలు మనవడు ఎన్నో తరగతో మరిచిపోవచ్చు కానీ వాడి క్రియాటినిన్ మరిచిపోరు. అయినా అంది, "ఇంకోపాలి సూసి సెప్పమ్మా. ఆడి కిడ్నీలు ఎలగున్నాయి?"

చూశాను. "బాగున్నాయమ్మా. ఏ దోషమూ లేదు."

"అయితే నా నీల్లు పన్జేసినట్టే" అంది.

ఆ జబ్బు ఎందుకొస్తుందో పెద్ద పెద్దవాళ్లే ఇంకా తేల్చలేదు. నేనెవర్ని కాదనడానికి?

మళ్లీ వచ్చినప్పుడు

కొన్ని వారాల తర్వాత ధనలక్ష్మి పిల్లాడితో వచ్చింది. కోటబొమ్మాళి నుంచి కాదు, ఊరి నుంచే. ఆటోలో ఇంకెవరూ లేరు. అది చూసే సగం అర్థమైంది.

"కేకలు తగ్గిపోనాయి డాటరమ్మా. ఈ మజ్జిన అసలు నేవు."

"మీ అన్న?"

"వచ్చినాడు. బేగి బట్టలు సర్దమన్నాడు. ఇక్కడ మా అత్త లేపితేనే ఈడు లెగుతాడు, నాను లేపితే తంతాడు, మీ ఇంటికాడ లేపీవోలెవులున్నారని అడిగినాను. కొత్త పరుపు తడిసిపోద్దని గుర్తొచ్చినట్టుంది, ఎలిపోనాడు."

నాకు సంతోషమేసింది. బయటికి మాత్రం రూలు ప్రకారం చెప్పాను. ఇన్ని రోజులు కేకలు లేవు కాబట్టి ఇక లేపడం ఆపేయవచ్చు, మీ అత్తగారికి చెప్పు అని.

ధనలక్ష్మి లేవలేదు. నల్లబడిన వేళ్లతో చీర అంచు నలుపుతూ కూర్చుంది.

"మానీమని ఆమికి సెప్పకండమ్మా" అంది. "మా ఆయన పోయినకాణ్నుంచి ఆమి రాత్రులు గోడకి జారబడి కూకునే ఉండీది. నాను ఎప్పుడు లెగిసి సూసినా కూకునే ఉండీది. ఇప్పుడు ఈడిని లేపి, పెరట్లోకి తీసికెల్లి, తీసుకొచ్చి పక్కలో ఏసుకుంటంది కదా. తరవాత ఆమి తొంగుంటంది. తెల్లారిందాకా లెగట్నేదు."

పుస్తకంలో ఈ వైద్యానికి కొన్ని వారాలే గడువు. పిల్లాడు సగం నిద్రలోనే వెళ్లి వచ్చి మళ్లీ పడుకుంటున్నాడు, వాడికి వచ్చే నష్టమేమీ లేదు. చీటీ తీసుకుని, ఇప్పుడు చేస్తున్నట్టే ఇంకొన్నాళ్లు చేయాలి అని రాసి సంతకం పెట్టాను. పైన రోగి పేరు రాయాల్సిన చోటు ఖాళీగా వదిలేశాను.